ఏపీ 03 బండిని అమ్మేయాలా?

ఈ నవంబరుతో నా ఏపీ 03 నంబరు బండి, 150 సీసీ హోండా యూనికార్న్, రిజిస్ట్రేషన్ (ఆర్‌సీ) గడువు అయిపోతుంది. 2010లో కొన్న బండి, పదిహేనేళ్లు నిండాయి. సరిగ్గా ఇదే సమయానికి 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఇంక చూడండి, ఆఫీసులో, టీకొట్టు దగ్గర, పెళ్లిళ్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: ఇంకా ఆ పాత బండేనా? చిత్తూరులో ఉండే మా తోడల్లుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 బైకు తీసుకున్నప్పటి నుంచి వారానికోసారి ఫోన్ చేసి, "అన్నా, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంటావు?" అని పోరు పెడుతున్నాడు.

మొదటే చెప్పేస్తాను, ఇంజన్ కోసమైతే ఈ బండి మార్చాల్సిన పని లేదు. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది, ఇప్పటికీ పొద్దున ఒక కిక్కుకే అందుకుంటుంది. (కొత్త బళ్లలో చాలావాటికి కిక్కరే తీసేశారు. బ్యాటరీ దిగిపోతే తోసుకుంటూ స్టార్ట్ చేయాలి. దీన్ని అభివృద్ధి అంటే నేనొప్పుకోను.) చైన్ స్ప్రాకెట్లు, క్లచ్ ప్లేట్లు, కోన్ సెట్, వెనక మోనోషాక్ అన్నీ మార్చాను. ఇవన్నీ అరిగేవే, అరిగితే మార్చాలి, అందులో బండిని తిట్టడానికేం లేదు. ఆయిల్ మాత్రం ఎప్పుడూ వాయిదా వేయలేదు. పట్టేది లీటరే, ఆ లీటరు దగ్గర పీనాసితనం చేసి తర్వాత బోరు, పిస్టన్ చేయించుకున్నవాళ్లను మా మెకానిక్ దగ్గర కూర్చుంటే రోజూ చూడొచ్చు.

2021 నవంబరు వరదలు తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఆ రోజు మా వీధిలో నీళ్లు ట్యాంకు దాకా వచ్చాయి, బండి రాత్రంతా అందులోనే ఉంది. తెల్లారి పక్కింటాయన తన బండికి ఆత్రంగా కిక్కు మీద కిక్కు కొడుతుంటే మా మెకానిక్ నాకు ఫోన్లో ఒకటే చెప్పాడు: "సార్, తాళం చెవి కూడా పెట్టొద్దు, తోసుకొని రండి." ప్లగ్గు విప్పి సిలిండర్లో నీళ్లు బయటికి కొట్టించి, కార్బొరేటర్, ట్యాంకు ఖాళీ చేసి, ఆయిల్ దింపితే పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. చౌక ఆయిల్ పోసి కాసేపు ఆడించి దింపాడు, మళ్లీ పోసి మళ్లీ దింపాడు, రంగు తేటపడ్డాకే మంచి ఆయిల్ పోశాడు. సిలిండర్లో నీళ్లుండగా ఇంజన్ తిప్పితే నీళ్లను పిస్టన్ నొక్కడం కుదరదు, దాంతో కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. కార్బొరేటర్ బండి కాబట్టి మాది త్వరగా తేలింది. ఇప్పటి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండికైతే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సర్లు, వైరింగు అన్నీ చూసుకోవాలి.

సరే, కొత్తది కొంటే ఏమొస్తుంది? పవర్ అంటారు. నా రోజువారీ దారి రేణిగుంట వైపు. పొద్దున లీలామహల్ సర్కిల్ దాటేదాకా రెండో గేరులోనే ఉంటాను, అక్కడ 150 సీసీ అయినా 350 సీసీ అయినా ముందున్న ఆటో వెనకే పోవాలి. పైగా హంటర్ 181 కిలోలు, నాది 150 లోపే. సందులో పార్కింగ్ తీసేటప్పుడు ఆ తేడా నడుముకు తెలుస్తుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నా బండికి 714 రూపాయలు, 150 సీసీ దాటి 350 దాకా 1,366. కొత్త బండికి అది ఐదేళ్లది ఒకేసారి కట్టాలి. ఇవన్నీ భరించలేనివి కావు, కానీ ఆఫర్ పోస్టర్ మీద మాత్రం కనిపించవు.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మాట కూడా అడుగుతున్నారు. నా బండి ఆ పెట్రోలు కోసం చేసింది కాదు, నిజమే. రబ్బరు పైపులు, కార్బొరేటర్ సీళ్లు కొత్తవి వేయించాను, బండిని వారాల తరబడి కదపకుండా ఉంచడం మానేశాను. మైలేజీ కాస్త తగ్గింది. దీనికోసం లక్షన్నర పైన పెట్టి కొత్త బండి కొనడానికి నాకు మనసు రావట్లేదు.

నన్ను నిజంగా ఊగిసలాడిస్తున్నది ఒక్కటే, బ్రేకు. తిరుమల కొండ దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో. 40 నిమిషాల లోపు దిగొద్దని రూలు, అది మంచి రూలే. రెండో గేరులో ఇంజన్ మీదే బండిని ఆపుకుంటూ, బ్రేకు కొట్టి వదిలి, కొట్టి వదిలి దిగితే నా బండికీ ఇబ్బంది లేదు. కానీ వెనక మనిషిని కూర్చోబెట్టుకొని, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగితే నా బండి వెనక డ్రమ్ము బ్రేకు వేడెక్కుతుంది, బ్రేకు షూ కాలిన వాసన వస్తుంది, పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గుతూ పోతుంది. డిస్కు బ్రేకైతే గాలికి బయటే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. ఇక వాన పడ్డప్పుడు భాకరాపేట ఘాట్‌లో తలకోన వైపు వెళ్తుంటే మలుపులో తడి ఆకులు, ఇసుక. అక్కడ ముందు బ్రేకు కాస్త గట్టిగా పట్టి చక్రం లాకయిందంటే, పదిహేనేళ్ల అనుభవం అరసెకనులో నేల మీద ఉంటుంది. ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు ఆ చక్రాన్ని లాక్ కానివ్వదు, హ్యాండిల్ మన మాట వింటుంది. ఇసుక మీద బండి తొందరగా ఆగుతుందని మాత్రం అనుకోవద్దు, అది ఏబీఎస్ పని కాదు.

125 సీసీ దాటిన బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. నాది అంతకు చాలా ముందుది. సీటు మార్చొచ్చు, లైటు మార్చొచ్చు, టైర్లు మంచివి వేయొచ్చు, ఏబీఎస్‌ని మాత్రం మెకానిక్ దగ్గర బిగించుకోలేం. కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: హంటర్‌లోనే తక్కువ ధర వేరియంటుకి వెనక డ్రమ్మే, ఏబీఎస్ ముందు చక్రానికే. రెండు డిస్కులు, డ్యూయల్ ఛానెల్ (రెండు చక్రాలకూ ఏబీఎస్) కావాలంటే పై వేరియంటుకి పోవాలి. ఇప్పటి యూనికార్న్‌కి కూడా ఏబీఎస్ ముందుకే. నా లెక్కలో, ఘాట్ కోసం మార్చేటట్టయితే రెండు చక్రాలకూ ఉన్నదే తీసుకోవాలి, లేదంటే మార్చడమే దండగ.

సెకండ్ హ్యాండ్ కూడా చూశాను, చిత్తూరులో. మీటరు తొమ్మిది వేల కిలోమీటర్లు చూపిస్తోంది, బ్రోకర్ కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నాడు. ముందు డిస్కు అంచు మీద వేలు పెడితే గట్టుగా తగులుతోంది, అంటే బాగా అరిగిందన్నమాట, ఫుట్‌రెస్ట్ రబ్బరు నున్నగా అరిగిపోయింది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బండి 2022ది, టైర్లు 2024వి. తొమ్మిది వేలకే రెండు టైర్లూ మార్చారంటే ఆయనను కాణిపాకం దాకా తీసుకెళ్లి వినాయకుడిని ఇబ్బంది పెట్టడమెందుకని వచ్చేశాను.

ప్రస్తుతానికి ఆర్‌సీ రెన్యువల్‌కి పెట్టాను. ఫీజు వెయ్యి, గ్రీన్ ట్యాక్స్ వేరే, ఐదేళ్లు వస్తుంది. ఎక్స్‌చేంజిలో షోరూం వాళ్లు చెప్పిన ధర వింటే ఎవరికైనా రెన్యువలే గుర్తొస్తుంది. దీపావళి అయ్యాక తోడల్లుడూ నేనూ ఒక వారం బళ్లు మార్చుకుంటున్నాం. అతనిది డ్యూయల్ ఛానెల్ బండే. మా ఆవిడని వెనక కూర్చోబెట్టుకొని కొండెక్కి దిగుతాను. వెనక సీటు చిన్నదని ఇప్పటికే ఫోటో చూసి తేల్చేసింది.