తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు: కీళ్ల స్కానింగ్‌లో ఒక పాత చిక్కు

లోకం తెలియనివాణ్ని గురించి చెప్పాలంటే ‘తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే రకం’ అంటాం. కీళ్ల స్కానింగ్ చూసేవాళ్లకి ఈ సామెత అక్షరాలా సరిపోతుంది. ఎమ్మారైలో టీ2 అనే రకం బొమ్మలో నీరు తెల్లగా ఉంటుంది, అల్ట్రాసౌండ్‌లో నల్లగా ఉంటుంది. అందుకని అక్కడ తెల్ల మచ్చ, ఇక్కడ నల్ల మచ్చ కనపడగానే వాపో, చిరుగో, నీటితిత్తో అనేస్తాం. ఎక్కువసార్లు అది నిజమే. నిజం కానప్పుడు టెండన్ దగ్గర ఒక రకంగా, గడ్డ దగ్గర దానికి సరిగ్గా ఎదురు రకంగా మోసపోతాం: బాగున్న టెండన్‌కి చిరుగు అంటగడతాం, కాన్సర్ గడ్డని నీటితిత్తి అని వదిలేస్తాం.

ముందు టెండన్ సంగతి. మన వాడుకలో ఇదీ నరమే, రక్తనాళమూ నరమే, అసలు నరమూ నరమే. ఇక్కడ చెప్పేది కండరాన్ని ఎముకకి కట్టే తాడు గురించి. దాన్లో టైప్ 1 కొల్లాజెన్ పోగులు పడుగు దారాల్లా ఒకే దిక్కుకి పరుచుకుని ఉంటాయి. వాటిని అంటిపెట్టుకున్న నీటి అణువులకి స్వేచ్ఛగా తిరిగే వీలుండదు. అందువల్ల వాటి సిగ్నల్ మిల్లీసెకను అటూ ఇటూలో ఆరిపోతుంది. మామూలు ఎమ్మారై సీక్వెన్సు (బొమ్మ తీసే పద్ధతి) సిగ్నల్ పట్టేసరికి పది మిల్లీసెకన్లో ఇంకా ఎక్కువో గడిచిపోతాయి. మంచి టెండన్ అన్ని బొమ్మల్లోనూ నల్లగా కనపడడానికి కారణం ఇదే.

ఈ ఆరిపోయే వేగం పోగులకీ అయస్కాంత క్షేత్రానికీ మధ్య కోణాన్ని బట్టి మారుతుంది. ఆ కోణపు కొసైన్ వర్గాన్ని మూడుతో గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య మీద అది ఆధారపడుతుంది. 54.7 డిగ్రీల దగ్గర ఆ సంఖ్య సున్నా అవుతుంది. దీన్నే మ్యాజిక్ యాంగిల్ అంటారు. అక్కడ టెండన్ టీ2, అంటే సిగ్నల్ ఆరిపోవడానికి పట్టే సమయం, మిల్లీసెకను స్థాయి నుంచి 20 మిల్లీసెకన్ల దగ్గరికి ఎగబాకుతుంది. టెండన్‌లో జబ్బేమీ లేదు, అది ఏటవాలుగా ఉందంతే. అయినా బొమ్మలో బూడిద రంగో తెలుపో వచ్చేస్తుంది.

ఎంత తెల్లబడుతుందో లెక్క కట్టొచ్చు. టీ2 విలువ 20 అనుకుంటే, ఎకో టైమ్ (సిగ్నల్ పట్టేదాకా ఆగే సమయం) 15 మిల్లీసెకన్లున్న బొమ్మలో అసలు సిగ్నల్‌లో 47 శాతం మిగులుతుంది. 35 దగ్గర 17 శాతం, 60 దగ్గర 5 శాతం. చిరుగులో నిండిన నీటి టీ2 వందల మిల్లీసెకన్లలో ఉంటుంది కాబట్టి 60 దగ్గర కూడా అది తెల్లగానే ఉంటుంది. కాబట్టి పొట్టి ఎకో టైమ్ బొమ్మలో కనపడిన తెలుపుని పొడుగు ఎకో టైమ్ బొమ్మలో వెతకాలి. నిలిస్తే పట్టించుకోవాలి, మాయమైతే టెండన్ మందం, అంచులు ఒకసారి చూసుకుని వదిలేయాలి. మామూలుగా 37 మిల్లీసెకన్లు దాటితే ఈ మాయ బాగా తగ్గిపోతుంది.

చిక్కెక్కడంటే, సమయం కలిసొస్తుందని చాలాచోట్ల భుజానికీ చీలమండకీ మూడు దిక్కుల్లోనూ ప్రోటాన్ డెన్సిటీ ఫ్యాట్ శాట్ (కొవ్వు తెలుపుని అణిచేసి తీసే) బొమ్మలే తీస్తారు. వాటి ఎకో టైమ్ 30 చుట్టుపక్కల ఉంటుంది. పోల్చడానికి పొడుగు ఎకో బొమ్మ ఒక్కటీ ఉండదు. కనీసం ఒక దిక్కులో, భుజానికైతే కరోనల్‌లో (ఎదురుగా నిలబడి చూసినట్టుండే కోతలో), 60 నుంచి 70 ఎకో టైమ్‌తో టీ2 ఫ్యాట్ శాట్ తీయడం మూడు నాలుగు నిమిషాల పని. దాన్ని మిగుల్చుకుని లాభం లేదు. ఇంకో మాట: ఇప్పుడు ఎక్కువగా వాడే ఫాస్ట్ స్పిన్ ఎకో అనే సీక్వెన్సులో తెర మీద కనపడే ఎకో టైమ్ ఒక్క ఎకోది కాదు, వరసలో వచ్చే చాలా ఎకోల కలగలుపు. ఆ వరస (ఎకో ట్రెయిన్) మరీ పొడుగైతే బొమ్మ అలికినట్టవుతుంది, సన్నటి చిరుగు అందులోనే దాగిపోతుంది.

ఈ మాయ ఎక్కడ కాచుకుని ఉంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. భుజంలో చెయ్యిని లేపే సుప్రాస్పైనేటస్ టెండన్ ఎముకకి అతుక్కునే చోటికి సెంటీమీటరు ఇవతల. చీలమండలో బయటి గుబ్బ కింద మలుపు తిరిగే పెరోనియల్ టెండన్లు, లోపలి గుబ్బ చుట్టూ తిరిగే టిబియాలిస్ పోస్టీరియర్. మోకాల్లో వెనక క్రూసియేట్ లిగమెంట్ పైవంపు, బయటి మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలాంటి బిళ్ల) వెనక కొమ్ము ఎగువకి వాలే భాగం. చీలమండకైతే పాదాన్ని 20 డిగ్రీలు కిందికి వంచి ఉంచినా, బోర్లా పడుకోబెట్టినా మలుపు కోణం మారి తెలుపు తగ్గుతుంది. ఓపెన్ ఎమ్మారై యంత్రాల్లో క్షేత్రం ఒంటి పొడవునా కాక నిలువుగా ఉంటుంది కనక ఈ చోట్ల జాబితా అక్కడ పనికిరాదు. బొమ్మ ఏ యంత్రంలో తీశారో చూడకుండా ‘ఇది మ్యాజిక్ యాంగిల్’ అని కొట్టిపారేయడం కూడా తప్పే.

అల్ట్రాసౌండ్‌లో ఇదే కోణం వేరే వేషంలో వస్తుంది. ధ్వని కిరణం పోగులకి లంబంగా తగిలితే టెండన్ మెరుస్తుంది, లోపలి పోగులు విడివిడిగా కనపడతాయి. ఒంటి మీద ఆనించే ప్రోబ్ కొద్ది డిగ్రీలు వాలిందా, ప్రతిధ్వని పక్కకి పోయి టెండన్ నల్లబడుతుంది. అది అచ్చం చిరుగులా ఉంటుంది. బైసెప్స్ పొడుగు టెండన్ భుజం ఎముక మీది గాడిలో ఉందో లేదో అడ్డకోతలో చూస్తూ ప్రోబ్‌ని తల వైపుకీ కాళ్ల వైపుకీ మెల్లగా వాల్చి చూడాలి. గాడి ఖాళీగా కనపడి, వాల్చగానే అందులో తెల్లటి గుండ్రం మెరిస్తే టెండన్ అక్కడే ఉన్నట్టు. సుప్రాస్పైనేటస్‌కి చెయ్యిని ప్యాంటు వెనక జేబు మీద పెట్టించి, మోచేతిని వెనక్కి ఉంచి చూస్తే టెండన్ ఎముక నీడలోంచి బయటికొస్తుంది. అది అతుక్కునే చోట పోగులు గబుక్కున కిందికి వంగుతాయి. ప్రోబ్ ఒక కొసని నొక్కి రెండో కొసని లేపుతూ ఆడిస్తేనే అక్కడ లంబం దొరుకుతుంది.

నిజమైన చిరుగు ప్రోబ్ ఎటు వాల్చినా నల్లగానే ఉంటుంది, రెండు కోతల్లోనూ కనపడుతుంది. సాధారణంగా దాని కింద ఎముక పైపొర గరుకుగా ఉంటుంది, పైన బర్సా (రాపిడి తగ్గించే పల్చటి సంచి) లోపలికి దిగినట్టుంటుంది. అడుగున ఉన్న మృదులాస్థి మీద పల్చటి తెల్ల గీత మెరుస్తుంది. మృదులాస్థి కూడా తన సహజ రూపంలోనే నల్లగా ఉంటుంది, దాన్ని నీరనుకుని కొలిచేసిన రిపోర్టులు తక్కువేం కాదు. ఇప్పటి యంత్రాల్లో రకరకాల కోణాల బొమ్మల్ని కలిపే కాంపౌండింగ్ ఈ నలుపుని తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. అన్నట్టు, ఈ దోషం మణికట్టు దగ్గర పనికొచ్చే గుణం: ప్రోబ్ వాల్చగానే టెండన్లు నల్లబడతాయి, మీడియన్ నరం అంతగా మారదు. ఏది నరమో అక్కడికక్కడే తేలిపోతుంది.

రక్తప్రవాహాన్ని రంగులో చూపే డాప్లర్‌లో తప్పు చేతి బరువుది. గట్టిగా నొక్కితే సన్నటి రక్తనాళాలు అణిగిపోయి, మంటున్న టెండన్ కూడా శాంతంగా కనపడుతుంది. జెల్ మందంగా వేసి ప్రోబ్ దాని మీద తేలినట్టుండాలి. టెండన్ వదులుగా ఉండాలి. అకిలీస్ చూసేటప్పుడు పాదం పైకి లాగి ఉంటే రంగు మాయమవుతుంది. నెమ్మది ప్రవాహం కూడా కనపడేలా పల్స్ రిపిటిషన్ ఫ్రీక్వెన్సీ (సెకనుకి పంపే ధ్వని పల్సుల లెక్క) అర కిలోహెర్ట్జ్ నుంచి కిలోహెర్ట్జ్ దాకా, వాల్ ఫిల్టర్ తక్కువలో పెట్టాలి. గెయిన్‌ని (సిగ్నల్‌ని పెద్దది చేసే మీటని) తెర మీద ఉత్తుత్తి రంగు చుక్కలు వచ్చేదాకా పెంచి, అవి పోయేదాకా కాస్త తగ్గించాలి. ఇవన్నీ రాసి పెట్టుకోకుండా మూడు నెలల తర్వాత తీసిన స్కానుతో పోల్చి ‘తగ్గింది’ అనడంలో అర్థం లేదు.

పరిశోధనకి దిగితే కోణం ఇంకా సతాయిస్తుంది. మృదులాస్థిలో కొల్లాజెన్ అడుగున ఎముకకి నిలువుగా, మధ్యలో అడ్డదిడ్డంగా, పైన ఉపరితలానికి సమాంతరంగా ఉంటుంది. తొడ ఎముక చివర గుండ్రంగా తిరిగే చోట అడుగు పొర 55 డిగ్రీలకి వచ్చేసరికి టీ2 పెరుగుతుంది. దాన్ని అరుగుదల ఆరంభం అని ప్రకటించేస్తే పప్పులో కాలేసినట్టే. ఇద్దరి మోకాళ్లు పోల్చాలంటే అదే కోణపు ముక్కని పోల్చాలి. నడిచొచ్చిన మనిషిని నేరుగా యంత్రంలోకి పంపినా విలువ మారుతుంది. బరువుకి మృదులాస్థిలో నీరు కదులుతుంది కనక అరగంటైనా కూర్చోబెట్టాలి.

ఇలాంటి పరిశోధనలో బాగా వాడుకలో ఉన్న మోకాలి బొమ్మల భాండాగారం అమెరికాలో 2004లో మొదలైన ఆస్టియో ఆర్థరైటిస్ ఇనిషియేటివ్: 45 నుంచి 79 ఏళ్ల మధ్య 4,796 మంది, 3 టెస్లా (అయస్కాంత బలం) యంత్రంలో తీసిన బొమ్మలు. అందులో టీ2 కొలతకి 10 నుంచి 70 మిల్లీసెకన్ల దాకా ఏడు ఎకోలున్నాయి. మొదటి ఎకోలో స్టిమ్యులేటెడ్ ఎకో (పల్సులు పక్కాగా లేక అదనంగా పుట్టే సిగ్నల్) వాటా ఉండదు, తర్వాతివాటిలో ఉంటుంది. మొదటిదాన్ని కూడా కలిపి గీత గీస్తే టీ2 ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది, అందుకని దాన్ని వదిలేస్తారు. 2018లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు విడుదల చేసిన ఎమ్మార్‌నెట్‌లో 1,370 మోకాలి పరీక్షలున్నాయి. ఇలాంటివాటితో కంప్యూటర్‌కి నేర్పేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఒకే మనిషి కోతలు కొన్ని నేర్చుకునే కుప్పలో, కొన్ని పరీక్షించే కుప్పలో పడేలా విడగొట్టడం. అంకెలు అద్భుతంగా వస్తాయి, కొత్త ఆస్పత్రి బొమ్మల దగ్గర బోల్తా కొడతాయి. రిపోర్టుల్లోంచి జవాబులు తీసి నేర్పితే, ఆ రిపోర్టుల్లోని మ్యాజిక్ యాంగిల్ తప్పుల్ని కూడా యంత్రం శ్రద్ధగా నేర్చుకుంటుంది.

ఇక గడ్డ. ఇక్కడ తప్పు ఖరీదు వేరు.

మోకాలి వెనక గుంతలో తెల్లగా, గుండ్రంగా కనపడితే బేకర్ సిస్ట్ (కీలు నీరు వెనక్కి వచ్చి ఏర్పడే తిత్తి) అని రాసేయడం చేతికి అలవాటైన పని. అలా రాయాలంటే ఒక షరతుంది: తొడ వెనక కండరమైన సెమీమెంబ్రనోసస్ టెండన్‌కీ పిక్క కండరమైన గ్యాస్ట్రోక్నీమియస్ లోపలి తలకీ మధ్య నుంచి కీలు లోపలికి పోయే మెడ కనపడాలి. మెడ లేకపోతే ఆ పేరు వాడకూడదు. మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే కొవ్వు రకం కాన్సర్ తొడలోనూ మోకాలి వెనకా వస్తుంది. జిగురులాంటి పదార్థం నిండి ఉండడం వల్ల టీ2లో నీటిలాగే తళతళలాడుతుంది. అల్ట్రాసౌండ్‌లోనూ గట్టి గడ్డ వెనక నీటితిత్తి వెనక లాగే వెలుగు రావచ్చు, నరం తొడుగు గడ్డ ష్వానోమా దీనికి పెట్టింది పేరు. డాప్లర్ వేయకుండా, నొక్కి చూడకుండా తిత్తి అనకూడదు.

సందేహం ఉంటే గాడోలినియం (బొమ్మలో మెరిసేలా నరంలోకి ఎక్కించే మందు) ఇవ్వాలి. కిలోకి 0.1 మిల్లీమోల్, అంటే సగం మోలార్ మందు 60 కిలోల మనిషికి 12 మిల్లీలీటర్లు. కిడ్నీ వడపోత 30 కంటే తక్కువుంటే ముందు ఆలోచించాలి. నీటితిత్తికి పల్చటి అంచు ఒక్కటే మెరుస్తుంది, గడ్డకి లోపల కూడా మెరుస్తుంది. అయితే మందిచ్చి తాపీగా బొమ్మ తీస్తే అది కీలులోని నీళ్లలోకీ ఊరుతుంది, అప్పుడు తిత్తి కూడా గడ్డలా కనపడుతుంది. మొదటి ఐదు నిమిషాల్లోనే తీసేయాలి. ముందు తీసిన బొమ్మకీ తర్వాతిదానికీ సెట్టింగులన్నీ ఒకటే అయితేనే రెండోదాన్లోంచి మొదటిదాన్ని తీసేసిన ‘తీసివేత బొమ్మ’ పనికొస్తుంది. లోపల పాత రక్తం ఉంటే అది మందు లేకుండానే టీ1 రకం బొమ్మలో తెల్లగా ఉంటుంది కనక ఈ తీసివేత తప్పనిసరి.

నీటి అణువుల కదలికని చూపే డిఫ్యూజన్ బొమ్మ కూడా తెలుపుతో ఏమారుస్తుంది. బీ విలువ (కదలికకి బొమ్మ ఎంత స్పందించాలో చెప్పే అంకె) సున్నా దగ్గర సిగ్నల్ 1000 ఉండి 800 దగ్గర 450కి పడితే ఏడీసీ, అంటే నీరు కదిలే సులువుకి కొలత, దాదాపు ఒకటి, 200కి పడితే రెండు (సెకనుకి చదరపు మిల్లీమీటర్లో వెయ్యో వంతు లెక్కన). ఒంటి వేడి దగ్గర స్వచ్ఛమైన నీటికి ఇది మూడు. ఎక్కువ బీ బొమ్మలో తెల్లగా ఉండి ఏడీసీ మ్యాపులో కూడా తెల్లగా ఉంటే అది టీ2 వెలుగే ఇంకా మిగిలి ఉన్నట్టు. కణాలు కిక్కిరిస్తే మ్యాపు నల్లబడుతుంది. అలాగని ఏడీసీ ఎక్కువుంటే మంచి గడ్డ అని ధీమా పడకూడదు, మిక్సాయిడ్ గడ్డలకి నీటి శాతం వల్ల ఏడీసీ ఎక్కువే ఉంటుంది. తక్కువుంటే కాన్సరే అనీ అనకూడదు, చిక్కటి చీము కూడా అలాగే కనపడుతుంది.

ఐదు సెంటీమీటర్లు దాటిందా, కండరం పైపొర కంటే లోతుగా ఉందా, పెరుగుతోందా అని అడగడం మంచి అలవాటు. ఈ కొలబద్దకి దొరకనిది సైనోవియల్ సార్కోమా. పేరులో సైనోవియం ఉన్నా అది కీలు పొరలోంచి పుట్టదు. ఎక్కువగా యువకుల్లో, మోకాలి చుట్టుపక్కల వస్తుంది. ఏళ్ల తరబడి చిన్నగానే ఉండొచ్చు, అంచులు నున్నగా తిత్తిలా ఉండొచ్చు. దాదాపు మూడో వంతు వాటిలో సున్నపు చుక్కలుంటాయి. అవి ఎమ్మారైలో సరిగా కనపడవు, తక్కువ ఖర్చులో అయిపోయే ఎక్స్‌రేలో కనపడతాయి. ఎమ్మారై ఉంది కదా అని ఎక్స్‌రే మానేయడం దండగమారి పొదుపు. దెబ్బ తగిలాక వచ్చిన ‘రక్తపు గడ్డ’ అయితే వారాల్లో చిన్నదవ్వాలి. చర్మం మీద కమిలిన మచ్చే లేకుండా, తగ్గకుండా ఉంటే ఆ మాట నమ్మకూడదు. ఈలోగా నాటు మర్దనలు, కట్లు అసలే వద్దు.

సూది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నీరు తీయిద్దామని సూది గుచ్చితే ఏమీ రాకపోయినా, రక్తం బొట్టు ఒక్కటే వచ్చినా అక్కడితో ఆపేయాలి, రెండో చోట గుచ్చకూడదు. ఎమ్మారై అయ్యాకే బయాప్సీ. ముందు గుచ్చితే కారిన రక్తం బొమ్మని పాడుచేస్తుంది. సన్నసూది పరీక్షలో విడి కణాలే వస్తాయి కనక 14 లేదా 16 గేజ్ కోర్ సూదితో ముక్క తీయాలి. సూది దారి ఒకే కండరపు అరలోంచి, కీలునీ పెద్ద నాళాలనీ తప్పించి పోవాలి. తర్వాత ఆపరేషన్‌లో ఆ దారిని గడ్డతో పాటు కోసేస్తారు కాబట్టి, దాన్ని చెప్పాల్సింది ఆపరేషన్ చేయబోయే సర్జనే. సూది గుర్తు కొద్ది వారాల్లో చర్మంలో కలిసిపోతుంది. అందుకని గుచ్చిన చోటుకి ఫోటో తీసి, ఎముక గుబ్బ నుంచి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రిపోర్టులో రాయాలి.