తూటాలు అయిపోతే బోల్ట్ ఎక్కడ ఆగాలి?

సినిమాల్లో తూటాలు అయిపోగానే తుపాకీ "టిక్" మంటుంది, హీరో దాన్ని విసిరికొడతాడు. ఆ టిక్ అన్ని రైఫిళ్లలో రాదు.

అమెరికా ఎం16 రైఫిల్‌లో చివరి తూటా పేలాక బోల్ట్ (తూటాను గొట్టంలోకి తోసి వెనకనుంచి మూసే లోహపు ముక్క) వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఇందులో పెద్ద మాయ ఏమీ లేదు. మ్యాగజైన్‌లో, అంటే తూటాల పెట్టెలో, తూటాల్ని పైకి తోసే పలకను ఫాలోవర్ అంటారు, తోయడానికి తూటా మిగలనప్పుడు అది పైదాకా వచ్చి రిసీవర్‌కి (బోల్ట్ కదిలే తుపాకీ మధ్యభాగానికి) ఎడమవైపున్న బోల్ట్ క్యాచ్‌ను ఎత్తుతుంది, బోల్ట్ తిరిగి ముందుకొచ్చే దారిలో ఆ క్యాచ్ అడ్డం పడుతుంది. కొత్త మ్యాగజైన్ పెట్టి ఆ క్యాచ్ మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు.

ఏకే-47లో ఇదేదీ లేదు. ఖాళీ చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) మీదే బోల్ట్ మూసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కి టిక్ విన్నాకే సంగతి తెలుస్తుంది. మ్యాగజైన్ మార్చి, హ్యాండిల్ లాగి వదలాలి.

చాలామంది దీన్ని డిజైన్ లోపం అంటారు. నేను ఒప్పుకోను. ఏకే కంటే ముందే తయారైన సోవియట్ రైఫిల్ ఎస్‌కేఎస్‌లో బోల్ట్‌ను వెనక ఆపే ఈ ఏర్పాటు ఉంది, తర్వాత వచ్చిన డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్‌లోనూ ఉంది, అంటే వాళ్లకు తెలియక కాదు. ఎస్‌కేఎస్‌కి పది తూటాలనూ పైనుంచి నింపాలి, బోల్ట్ తెరిచి ఉండకపోతే అసలు కుదరదు. అమెరికా ఎం1 గారండ్‌దీ అదే కథ, ఎనిమిది తూటాల క్లిప్‌ను పైనుంచే దింపాలి (జాగ్రత్త తప్పితే బోల్ట్ బొటనవేలిని నలిపేస్తుంది, దానికి "గారండ్ థంబ్" అని పేరు కూడా ఉంది!). ఏకేకి మ్యాగజైన్ కిందనుంచి వస్తుంది కాబట్టి బోల్ట్ తెరిచి ఉండాల్సిన పనే లేదు. ఒక భాగం తగ్గింది, బోల్ట్ తెరుచుకుని ఉండి లోపలికి దుమ్ము పోయే గొడవా తగ్గింది.

యుగోస్లావియా వాళ్లు మధ్యేమార్గం పట్టారు. వాళ్ల ఏకే తరహా రైఫిల్ జస్తావా ఎం70 మ్యాగజైన్లలో ఫాలోవరే బోల్ట్‌కు అడ్డు నిలుస్తుంది. కాకపోతే మ్యాగజైన్ తీయగానే బోల్ట్ టప్పున మూసుకుంటుంది, మళ్లీ హ్యాండిల్ లాగక తప్పదు. ఖాళీ అయిందని తెలుస్తుంది కానీ టైమ్ మాత్రం కలిసిరాదు.

ఏ ఏర్పాటూ లేని రైఫిల్‌కి సైనికుల దగ్గర ఇంకో చిట్కా ఉంది. మ్యాగజైన్ అడుగున రెండు మూడు ట్రేసర్ తూటాలు (వెళ్తూ వెలిగేవి) పెడతారు, వెలుగు గీత కనిపిస్తే అయిపోవచ్చిందని లెక్క. ఆ గీత అవతలివాడికీ కనిపిస్తుందనుకోండి.