వైరస్ కంటే ముందే వేయాల్సిన ద్రవం: ఇంటర్‌ఫెరాన్ పరీక్షతో నా అనుభవం

పిహెచ్‌డీ తొలి ఏడాదిలో, హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో, నాకు అప్పగించిన మొదటి పని ఇంటర్‌ఫెరాన్ రక్షణ పరీక్ష. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ సోకినప్పుడు కణాలు హెచ్చరికగా విడుదల చేసే ప్రోటీన్. వైరస్ సోకాక యాంటీబాడీలు తగినంతగా తయారవడానికి వారం దాకా పడుతుంది. అంతవరకు దాన్ని అదుపులో పెట్టే సహజ రోగనిరోధక వ్యవస్థలో ఇంటర్‌ఫెరాన్‌ది ముఖ్యమైన పాత్ర. 1957లో లండన్‌లోని మిల్ హిల్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కోడిగుడ్డు పొరలతో చేసిన ప్రయోగాల్లో అది బయటపడింది.

ముందుగా ఏ549 అనే ఊపిరితిత్తుల కణాల్లోకి పాలీ ఐసీ అనే కృత్రిమ జంటపోగు ఆర్‌ఎన్‌ఏను పంపాలి. రిగ్-ఐ, ఎండీఏ5 ప్రోటీన్లు దాన్ని వైరస్ ఆనవాలుగా పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ తయారీకి సంకేతమిస్తాయి. మర్నాడు ఆ కణాల పైనున్న ద్రవాన్ని తీసి, 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో పెంచిన వీరో కణాల మీద, వెల్ వెల్‌కూ సగానికి పలుచన చేస్తూ వేసి, వీఎస్‌వీ అనే వైరస్‌ను సోకించాలి. 1962లో జపాన్‌లో ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి తీసిన ఈ వీరో కణాలు ఆల్ఫా, బీటా ఇంటర్‌ఫెరాన్లను సొంతంగా తయారుచేసుకోలేవు, కానీ బయటి నుంచి అందితే స్పందిస్తాయి. కాబట్టి అవి బతికాయంటే ఆ రక్షణ మనం వేసిన ద్రవంలోనిదే.

ఒక రోజు కలిసివస్తుందని నేను ద్రవాన్నీ వైరస్‌నూ ఒకేసారి వేశాను. మర్నాడు బతికి అంటుకుని ఉన్న కణాలకు ఊదారంగు పట్టించే క్రిస్టల్ వయొలెట్ పోసి కడిగితే, వైరస్ వేయని వరుస మాత్రం ముదురు ఊదారంగులో నిలిచింది, మిగతావన్నీ గాజులా తెల్లగా ఖాళీ అయ్యాయి. పాలీ ఐసీ కణాల్లోకి వెళ్లలేదేమోనని రెండు వారాల పాటు ఆ అంచెనే మళ్లీ మళ్లీ చేశాను. చివరికి మా మేడమ్ నోటుబుక్కు తిరగేసి, "వైరస్ ఎన్ని గంటలకు వేశావమ్మా?" అని అడిగారు.

ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను నేరుగా చంపదన్న సంగతి నాకు అప్పుడే నిజంగా అర్థమైంది. అది కణం పైనున్న గ్రాహకాన్ని తాకితే, స్టాట్ ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్లి వందలాది జన్యువులను మేల్కొలుపుతాయి. వాటిలో కొన్నింటి వల్ల, వైరస్ లోపలికి వచ్చినప్పుడు, పీకేఆర్ అనే ఎంజైమ్ కణంలో ప్రోటీన్ల తయారీని ఆపుతుంది, ఆర్‌నేస్ ఎల్ అనే మరో ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. ఇదంతా సిద్ధమవడానికి గంటలు పడుతుంది, వీఎస్‌వీ మాత్రం అంత వ్యవధి ఇవ్వదు. అందుకే వైరస్ సోకిన కణం పంపే ఈ హెచ్చరిక ఆ కణానికంటే ఇరుగుపొరుగు కణాలకే ఎక్కువగా పనికొస్తుంది.

తర్వాతి ప్లేటులో సాయంత్రం నాలుగున్నరకు ద్రవం వేసి, మర్నాడు ఉదయం పదిన్నరకు, అంటే 18 గంటల తర్వాత, వైరస్ వేశాను. పోల్చి చూడటానికి ఒక వరుసలో మాత్రం రెండింటినీ ఆ ఉదయమే కలిపి వేశాను. ఆ వరుస మునుపటిలాగే తెల్లబోయింది. పక్క వరుసలో ఐదు వెల్స్ ముదురు ఊదాగా నిలిచాయి, ఆరోదానిలో రంగు ఒక అంచున నెలవంకలా మిగిలింది, ఏడోది ఖాళీ.