మూడో దిండు

మొదట ఒక దిండు చాలేది. తర్వాత రెండు కావలసి వచ్చాయి. మూడోది వచ్చాక కూడా అర్ధరాత్రి ఊపిరాడక లేచి, కిటికీ ఊచలు పట్టుకుని తెల్లవార్లూ కూర్చునేదాన్ని. వారాసిగూడలో మేముండేది రెండో అంతస్తు. కూరగాయల సంచితో ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి. "ఒళ్లు చేశావు" అంది పక్కింటావిడ. నేనూ అదే అనుకున్నాను.

ఉబ్బసమన్నారు. రెండేళ్లు ఇన్‌హేలర్ పీల్చాను. మృగశిర కార్తెకు అత్తయ్య నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి తీసుకెళ్లారు. గంటల తరబడి వరుసలో నిలబడి, నోట్లో పసుపుపచ్చ మందు పెట్టిన కొరమీను పిల్లను కళ్లు మూసుకుని మింగాను. గొంతులో అది తోక ఆడించడం ఇప్పటికీ గుర్తే. పాపం, దాని తప్పేముంది, జబ్బు ఊపిరితిత్తులది కానప్పుడు!

చివరికి గుండె డాక్టరు నన్ను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు. "చిన్నప్పుడు కీళ్లు వాచాయా అమ్మా?" అన్నారు. నాకంటే ముందు అమ్మ ఉలిక్కిపడింది. పదకొండో ఏట గొంతునొప్పి తగ్గిన కొన్నాళ్లకు మోకాలు వాచింది, అది తగ్గేసరికి చీలమండ. వావిలాకు కాపడం పెట్టింది, వాపులు పోయాయి. గుండె కవాటానికి తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోయింది. ఆ కీళ్లవాపు రుమాటిక్ జ్వరమట, గొంతునొప్పి తర్వాత వచ్చి గుండెను దెబ్బతీసేది. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసిన మిట్రల్ కవాటం, అంటే గుండె ఎడమ గదుల మధ్య తలుపు, ఎకో అనే గుండె స్కాన్‌లో 0.9 చూపించింది. రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. పడుకుంటే ఆయాసం పెరిగేది అందుకే.

ఛాతీ కోయలేదు. తొడ మొదట్లోని సిరలోంచి సన్నని గొట్టం పంపి, గుండె పైగదుల మధ్య గోడను పొడిచి, కవాటం దగ్గరకు బెలూన్ చేర్చారు. జపాన్ సర్జన్ ఇనోవే 1980లలో తెచ్చిన పద్ధతి. నేను మెలకువగానే ఉన్నాను. తెర మీద బెలూన్ ఢమరుకంలా కనిపించింది; చూస్తుండగానే దాని సన్నటి నడుము విచ్చుకుంది. కొన్ని క్షణాలే. గుండె దడదడలాడి సర్దుకుంది.

ఆ రాత్రి కాలు మడవకుండా వెల్లకిలా పడుకోమంది నర్సు. వెల్లకిలానా! భయంతో మంచం అంచు పట్టుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి కాఫీ వాసన.

ఇప్పుడు కవాటం 1.8. మళ్లీ ఆ జ్వరం రాకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది. రెండు రోజులు పిరుదు సలుపుతుంది. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. అత్తయ్య మాత్రం మృగశిర రాగానే ఇప్పటికీ నావైపు ఓ చూపు చూస్తారు.