ఆ ఫొటోలో ఉన్నది ఎగురుతున్న విమానం
ఇవాళ మళ్ళీ అదే ఫార్వర్డ్. గూగుల్ మ్యాప్‌లో అడవి మీద తెల్లటి విమానం, కింద "ఎంహెచ్370 దొరికింది!" ఎంహెచ్370 అంటే 2014 మార్చిలో మాయమైన మలేషియా విమానం.

పెద్దది చేసి రెక్కల అంచులు చూడండి. రంగులు విడిపోయి కనిపిస్తాయి. ఉపగ్రహ కెమెరా ఒక్కో రంగును క్షణంలో చిన్న తేడాతో తీస్తుంది, ఆలోపు విమానం ముందుకు జరిగిపోతుంది. నేలమీద పడున్న శకలానికి ఆ రంగు నీడ రాదు.

అది మాయమైన ఆ నెలలోనే లక్షల మంది టామ్‌నాడ్‌లో (ఉపగ్రహ ఫొటోలను ఎవరైనా వెతకగలిగే వెబ్‌సైట్) సముద్రం ఫొటోలు జల్లెడ పట్టారు, మంచి మనసుతోనే. కానీ పైనుంచి చూస్తే అలల నురగ, చెత్త కూడా శకలాల్లాగే ఉంటాయి.

అసలు ఆధారం విమానానికీ ఇన్మార్‌శాట్ అనే సమాచార ఉపగ్రహానికీ మధ్య దాదాపు గంటకోసారి జరిగిన సంకేతాల మార్పిడి. సంకేతం వెళ్ళొచ్చిన సమయం దూరం చెబుతుంది, దిశ చెప్పదు. అందుకే దక్షిణ హిందూ మహాసముద్రంలో కచ్చితమైన చోటు తేలలేదు, పొడవాటి వంపు గీత వచ్చింది. దాన్నే ఏడో ఆర్క్ అంటారు. ఆ గీత వెంట 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భాన్ని సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, వెతికి 2017 జనవరిలో ఆపారు. నీటిలో తన చోటు తెలిపేలా శబ్దం చేసే బ్లాక్‌బాక్స్ పింగర్ బ్యాటరీ సుమారు 30 రోజులే, అది ఎప్పుడో అయిపోయింది.

ఆ విమానంలో ఉన్న 239 మంది కుటుంబాలకూ ఈ ఫార్వర్డ్‌లు చేరతాయి. దయచేసి పంపకండి. ఎవరైనా పంపితే, ఫొటో తీసిన తేదీ అడగండి.