పద్దెనిమిదేళ్ళ తర్వాత గేదులో

ఈసారి మన బెంగాల్ సరిహద్దు ఊరు జైగావ్ నుంచి భూటాన్‌లోని ఫుంత్‌షోలింగ్‌లోకి వెళ్ళడానికి ఓటరు కార్డు చేతిలో పట్టుకుని లైన్లో నిలబడ్డాం. ఆ ఊరు దాటి పైకి వెళ్ళాలంటే పర్మిట్, మనిషికి రోజుకు 1200 రూపాయల రుసుము. మేం అక్కడ ఉన్న రోజుల్లో ఈ లైనూ, ఈ రుసుమూ లేవు. మా ఆవిడ సంచి పట్టుకుని సరిహద్దు గేటు కింద నుంచి ఇటు జైగావ్ వచ్చి, కూరగాయలు కొనుక్కుని తిరిగి వెళ్ళిపోయేది. కోవిడ్‌కి మూసిన సరిహద్దు 2022 సెప్టెంబర్ 23న తెరిచాక పద్ధతులు మారాయి.

"మనల్నీ పరాయివాళ్ళని చేశారు" అని తను నొచ్చుకుంది. నాకలా అనిపించలేదు. ఎనిమిది లక్షల మంది కూడా లేని దేశం, పక్కన నూట నలభై కోట్ల మందిమి. వాళ్ళ గుమ్మం దగ్గర వాళ్ళు మన పేరు రాసుకుంటే తప్పేముంది?

నేను భూటాన్‌లో నాలుగేళ్ళు తాలా జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో పనిచేశాను. మా ప్రాజెక్టు కాలనీ గేదు అనే ఊళ్ళో ఉండేది. వాంగ్‌ఛు నది నీళ్ళని కొండ కడుపులోంచి దాదాపు 23 కిలోమీటర్లు తీసుకెళ్ళి, భూగర్భంలోని పవర్‌హౌస్‌లో ఆరు యూనిట్ల మీద తిప్పితే 1020 మెగావాట్లు. హిమాలయాల రాయి మన తూర్పు కనుమల రాయిలాంటిది కాదు. బాగున్నచోట రోజూ బ్లాస్టింగ్ చేసుకుంటూ పోతాం. బాగాలేని చోట రాయి బురదైపోయి మీదికి జారుతుంది. నాలుగు మీటర్లు ముందుకు వెళ్ళడానికి వారాలు పట్టిన రోజులున్నాయి. ఆ రోజుల్లో మా షిఫ్టులో బిహారీలు, ఒడియావాళ్ళు, నేపాలీలు, మా గోదావరి జిల్లా వాళ్ళు ఇద్దరు, సర్వేకి ఒక భూటాన్ కుర్రాడు ఉండేవాళ్ళం.

ఆ కుర్రాడే నాకు 'లా' నేర్పాడు. వాళ్ళు ప్రతి మాట చివరా మర్యాదకి 'లా' చేరుస్తారు. కుజుజాంగ్‌పో లా అంటే నమస్కారమండి. నన్ను 'సర్ లా' అనేవాడు. మా ఊళ్ళో 'అండి' లేకుండా మాట ముగించం కదా, అందుకే కాబోలు అతనితో నాకు వెంటనే కుదిరింది. ఇంటికి వెళ్తే ముందు 'దోమా' ఇస్తారు: తమలపాకు, సున్నం, వక్క. అంత చలి దేశంలో తాంబూలంతో మర్యాద చేస్తారని ఎవరనుకుంటారు!

1958లో నెహ్రూ భూటాన్ వెళ్ళినప్పుడు రోడ్డే లేదు. సిక్కిం నుంచి నాథూ లా దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా, గుర్రాల మీదా కాలినడకనా పారో చేరారు. అప్పటికి ఆయనకి 68 ఏళ్ళు. 1961లో మన సరిహద్దు రోడ్ల సంస్థ 'దంతక్' పేరుతో అక్కడ రోడ్లు వేయడం మొదలుపెట్టింది. ఆ పనుల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొండచరియ కింద పడ్డ మనుషుల్ని బయటికి తీయడం అంటే ఏమిటో చూసినవాణ్ణి కనుక ఆ సంఖ్య నాకు ఉత్త అంకె కాదు.

కానీ మనం చేసిన మేలు మనమే లెక్కపెట్టుకోవడం నాకు నచ్చదు. 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భూటాన్ మన సలహా ప్రకారం నడుచుకోవాలి. 1971లో ఐక్యరాజ్యసమితిలో చేరాక కూడా ఆ షరతు కాగితం మీద అలాగే ఉండిపోయింది. 2007లో ఆ వాక్యం తీసేసి ఇద్దరం సహకరించుకుంటామని రాసుకున్నారు. నన్నడిగితే ఏ డ్యామ్ కన్నా అదే పెద్ద పని.

అంతా చక్కగా ఉందనీ అనను. 2013 జూలైలో, సరిగ్గా వాళ్ళ ఎన్నికల ముందు, వంటగ్యాస్, కిరోసిన్ మీద సబ్సిడీ మనవాళ్ళు ఆపేశారు. ఎన్నికలయ్యాక మళ్ళీ ఇచ్చారు. సిలిండర్ మోసుకెళ్ళే ఇల్లాలికి రాజకీయం ఎందుకు? అప్పులూ అంతే. తాలాకి మనం ఇచ్చిన డబ్బులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. తర్వాత వచ్చిన మాంగ్‌దెఛు ప్రాజెక్టుకి 30 శాతమే గ్రాంటు, మిగతా 70 శాతం అప్పు. 1200 మెగావాట్ల పునాత్‌సాంగ్‌ఛు-1ని 2008లో మొదలుపెట్టారు. 2013లో డ్యామ్ దగ్గర కొండ జారింది. పని ఆగినా వడ్డీ ఆగదు. స్నేహితుడికి చేసే సాయంలో ఈ లెక్క మనమే ముందు చూడాలి.

వానాకాలంలో నది పొంగినప్పుడు వాళ్ళ కరెంటు మనకొస్తుంది. చలికాలంలో నీళ్ళు తగ్గితే ఇప్పుడు వాళ్ళే మన దగ్గర కొంటున్నారు. మేం వెళ్ళింది జనవరిలో. గేదు హోటల్ గదిలో హీటర్ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఇది మన వైపు నుంచి వచ్చిందేమో అనుకున్నాను.

గేదులో మా ప్రాజెక్టు కాలనీ ఉన్నచోట ఇప్పుడు బిజినెస్ కాలేజీ ఉంది. మా క్వార్టర్స్ వైపు పిల్లలు పుస్తకాలు పట్టుకుని పొగమంచులోంచి వస్తున్నారు. మా ఆవిడ బాల్కనీ గుర్తుపట్టి చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ సర్వే కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి. థింఫు నుంచి మా కోసం వచ్చాడు. మిరపకాయలూ చీజూ వేసి వండే ఎమదాత్సి, ఎర్రబియ్యం అన్నం తింటూ హిందీలో అన్నాడు: "సర్ లా, మీ టీవీల్లో ఇండియాని మాకు బడా భాయ్ అంటారు. మేం భాయ్ అనే అంటాం. ఆ 'బడా' మీరే చేర్చుకుంటారు." నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

బయల్దేరేటప్పుడు ఆకులో చుట్టిన దోమా నా జేబులో పెట్టాడు. 2027లో గోదావరి పుష్కరాలకి రాజమండ్రి రమ్మన్నాను, మీకు వీసా కూడా అక్కర్లేదుగా అని. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ జనంలో పిల్లలతో కష్టం, మామిడిపళ్ళ రోజుల్లో రమ్మంది. మేలో వస్తామన్నాడు.