కొన్నా మైయే, అమ్మినా మైయే

మా నాన్నకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. బిజినెస్ చదవడానికి చైనా వెళ్తానని నేనంటే ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. నా మీద నమ్మకంతో అనుకునేరు. అదంతా తేజ కాయ మహిమ. సన్నగా, ఎర్రగా, నాలుక తగలబెట్టే ఆ రకాన్ని ఎగుమతి వాళ్ళు ఎస్17 అంటారు. చైనా వాళ్ళు కొంటున్నారంటే యార్డులో రేటు లేస్తుంది, ఆగారంటే కూర్చుంటుంది. "వాళ్ళు అసలేమన్నారో మనకి తెలియదమ్మా. ఎక్స్‌పోర్టరు ఏం చెబితే అదే నిజం" అనేవాడు నాన్న. వెళ్ళి ఆ అసలు మాటేదో విని రమ్మని ఆయన ఉద్దేశం కాబోలు.

2016 సెప్టెంబరులో హాంగ్‌జౌలో దిగాను. నాలుగేళ్ళ డిగ్రీ. అకౌంటింగ్, మార్కెటింగ్, అంతర్జాతీయ వాణిజ్యం ఇంగ్లీషులో చెబుతారు, పక్కనే చైనీస్ భాష, సంస్కృతి. నన్ను పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు "చైనీస్ ఊరికే పేరుకి, దాని గురించి టెన్షన్ పడకండి" అన్నారు. వెళ్ళాక తెలిసింది, హెచ్‌ఎస్‌కె అనే చైనీస్ భాష పరీక్షలో నాలుగో లెవెల్ పాసవకపోతే డిగ్రీ చేతికివ్వరని. 1200 మాటలు రావాలి, 300కి 180 మార్కులు తెచ్చుకోవాలి. అకౌంటింగ్ గురించి ఇక్కడ రాయడానికేమీ లేదు, డెబిట్, క్రెడిట్ ఎక్కడైనా ఒకటే.

భాషలో నాకు కలిసొచ్చింది మన అక్షరమాల. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్‌లో 'బి' అని రాస్తే పలికేది మన 'ప'. 'పి' అని రాస్తే 'ఫ', అంటే పకి వత్తు. అలాగే 'డి' అంటే త, 'టి' అంటే థ. బీజింగ్ అని మనం అనేది వాళ్ళ నోట్లో పెయ్‌చింగ్‌కి దగ్గరగా ఉంటుంది. నేను నోట్సంతా తెలుగులోనే రాసుకునేదాన్ని. కాకపోతే మనం రాతలో వత్తులు పెడతాం గానీ మాట్లాడేటప్పుడు మింగేస్తాం కదా. మా టీచరు నా మూతి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని "ఫా" అనమనేవారు. కాగితం ఊగితేనే వదిలేది. భారతం, ఫలితం అని చిన్నప్పుడు ఎన్నడూ సరిగ్గా పలకని పాపానికి, నెల రోజులు కాగితం ఊదాను.

గొంతు ఎత్తి దించే స్వరాల దగ్గర మాత్రం అక్షరమాల చేతులెత్తేసింది. కొనడాన్ని 'మై' అంటారు. అమ్మడాన్ని కూడా 'మై' అంటారు. కొనే మై గొంతు కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. అమ్మే మై పైనుంచి కిందికి సుత్తి దెబ్బలా పడుతుంది. అంతే తేడా. రాతలోనూ అంతే, కొనే అక్షరం నెత్తిన చిన్న ప్లస్ గుర్తు లాంటిది పెడితే అమ్మే అక్షరం. ఆ ప్లస్సే లాభం అని గుర్తుపెట్టుకున్నాను. రెండూ కలిపి మైమై అంటే వ్యాపారం.

రెండో ఏడు మమ్మల్ని యీవూ తీసుకెళ్ళారు. హాంగ్‌జౌ నుంచి ఫాస్ట్ ట్రెయిన్‌లో గంట కూడా పట్టదు. 1982లో వీధి సంతగా మొదలై ఇప్పుడు దాదాపు 75,000 కొట్లున్న హోల్‌సేల్ బజారు అది. ప్రతి కొట్లోనూ శాంపిల్సే ఉంటాయి, ఒకటీ అరా ఎక్కువమంది ఇవ్వరు. మా పని ఏంటంటే, ఏదో ఒక సరుకు ఎంచుకుని, రేటెంత, కనీసం ఎన్ని పెట్టెలు తీసుకోవాలి, ఎన్నాళ్ళకి ఇస్తారు, అంతా చైనీస్‌లోనే అడిగి రాసుకురావాలి. నేను జడ క్లిప్పులు ఎంచుకున్నాను. కొట్లో ఒకావిడ డబ్బాలోంచి నూడుల్స్ తింటోంది. వారం రోజులు బట్టీపట్టిన వాక్యం ఆవిడకి అప్పజెప్పాను. గొంతు లేవాల్సిన చోట లేవలేదు, టపీమని పడింది. నేను క్లిప్పులు అమ్ముతానని చెప్పానన్నమాట. ఆవిడ చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, చుట్టూ గోడలనిండా వేలాడుతున్న క్లిప్పుల్ని చూపించి, "నాకా?" అంది.

తర్వాత క్యాలిక్యులేటర్ తీసింది. అక్కడి క్యాలిక్యులేటర్లు మాట్లాడతాయి, నొక్కిన ప్రతి అంకెనీ పైకి చదువుతాయి. బేరమంతా దాని నోటితోనే జరుగుతుంది. డజను 6 యువాన్లు అంది. నేను చెరిపేసి 5 కొట్టాను. ఆవిడ కోప్పడలేదు, కాదనలేదు. నవ్వి "ఖావ్‌ల్యూ ఇషియా" అంది. ఆలోచిస్తాను అని. నేను ఎగిరి గంతేసి, సగం బేరం తెగినట్టే అని రాసుకుని, గంట తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఆవిడ నూడుల్స్ డబ్బా మారింది గానీ మాట మారలేదు.

సాయంత్రం బస్సులో మా టీచరు నా కాగితం చూసి పగలబడి నవ్వారు. ఖావ్‌ల్యూ అంటే కాదని. 'యెన్‌చ్యూ' చేస్తాం, అంటే పరిశీలిస్తాం అన్నా అంతేనట. పైగా స్వరం మారితే యెన్‌చ్యూ అంటే సిగరెట్లూ మందూ అని కూడా అర్థం. ఆఫీసుల్లో ఫైలు పరిశీలిస్తామన్నారంటే దేనికోసం చూస్తున్నారో జనం అలా అర్థం చేసుకునేవారని అక్కడి పాత జోకు. మేనేజ్‌మెంట్ క్లాసులో ఇదే సంగతికి పరువు, పరిచయాలు, పరోక్ష సంభాషణ అని ముప్ఫై స్లైడ్లు వేశారు. నాకైతే పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. కాఫీ తాగి, పకోడీలు తిని, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచిన వాళ్ళ కబురు కోసం ఎవరైనా ఎదురుచూస్తారా?

సంస్కృతి క్లాసులో మొదటి రోజే మీ ఊరి గురించి చెప్పమన్నారు. గుంటూరు ఎవరికీ తెలియలేదు. మన స్కూల్ పుస్తకంలోని హుయాన్‌త్సాంగ్ మా పక్కకే వచ్చాడన్నాను. ఆ పలుకుబడికి అదీ ఎవరికీ తెలియలేదు. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే "ఓ, ష్వెన్‌త్సాంగా!" అని క్లాసంతా లేచింది. ఏడో శతాబ్దంలో ఆయన ధాన్యకటకం వచ్చి కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. మా ఇంటి నుంచి అమరావతి బస్సెక్కితే అక్కడే దిగుతాం. అప్పట్నుంచి మా టీచరుకి నేను ఆ పిల్లని. హాజరు పట్టీలో పేరు వెతుక్కోవడం మానేశారు.

నాకు భాష నిజంగా నేర్పింది గ్వెయ్‌జౌ రాష్ట్రం జున్‌యీ నుంచి వచ్చిన అమ్మాయి. నేను ఆమెకి ఇంగ్లీషు, ఆమె నాకు చైనీస్. హాంగ్‌జౌ వంటలు తియ్యగా చప్పగా ఉంటాయని ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం. వాళ్ళ ఊరి దగ్గర షియాత్సిలో పేద్ద మిర్చి మార్కెట్ ఉందట. మా అమ్మ పంపిన కారప్పొడి వేలితో అద్దుకుని నాకి, "మా కాయకి వాసన, మీ కాయకి మంట" అని తేల్చేసింది. అక్కడి వ్యాపారులు ఘాటు కోసం మన కాయ కలుపుతారని ఆమె నోటే మొదట విన్నాను. నాన్నకి ఫోన్ చేసి చెబితే రెండు నిమిషాలు మాట్లాడలేదు.

2020 జనవరిలో సెలవులకి ఒక సూట్‌కేసుతో ఇంటికొచ్చాను. తిరిగి వెళ్ళనేలేదు. చివరి సెమిస్టరు గుంటూరు నుంచే. అక్కడి టైం మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి ఎనిమిదింటి క్లాసుకి ఇక్కడ ఐదున్నరకి కూర్చోవాలి. జూన్ నెలాఖరుకి చైనా వాళ్ళ మెసేజీల యాప్ వీచాట్‌ని మన దగ్గర నిషేధించారు. నాలుగేళ్ళ స్నేహాలన్నీ అందులోనే ఉన్నాయి. జున్‌యీ అమ్మాయితో ఇప్పటికీ ఈమెయిల్, పండక్కి పండక్కి.

ఇప్పుడు నాన్న కొట్లో ఓ మూల నా టేబుల్. ఎక్స్‌పోర్టర్ల తరఫున చైనా కొనుగోలుదార్లతో మాట్లాడి, కాగితాలు చదివిపెడతాను. పోయినేడు ఒక కాంట్రాక్టు వచ్చింది. ఎడమ పక్క చైనీస్, కుడి పక్క ఇంగ్లీషు. ఇంగ్లీషులో తేజ ఎండు మిర్చి అని మాత్రమే ఉంది. చైనీస్‌లో దాని ముందు రెండు అక్షరాలు ఎక్కువున్నాయి, 'ఛ్యూ పా'. ఛ్యూ అంటే తీసేయడం, పా అంటే పిడి, కాయకైతే తొడిమ. అంటే తొడిమ తీసిన కాయ. తేడా వస్తే చైనీస్‌లో ఉన్నదే చెల్లుతుందని చివర్లో ఇంకో లైను. తొడిమ తీయించాలంటే ఆడవాళ్ళని కూర్చోబెట్టి కిలోల లెక్కన కూలి ఇవ్వాలి, బరువు తరుగుతుంది, రేటే వేరు. చూపిస్తే ఎక్స్‌పోర్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మోసమని నేననుకోను, అవతల ఇంగ్లీషు చేసినవాడికి తొడిమ అన్న మాట దొరికుండదు. రేటు సవరించి, మధ్యలో నక్షత్రం గుర్తున్న ఎర్ర గుండ్రటి కంపెనీ ముద్ర వేయించి తెప్పించాం. అక్కడ ముద్ర లేని సంతకాన్ని ఎవరూ నమ్మరు.

మొన్న ఫోన్ స్పీకర్లో పెట్టి ఒకాయనతో మాట్లాడుతున్నాను. నాన్న ఎదురుగా కూర్చుని, చేతిలో శాంపిల్ కాయలు విరుస్తూ వింటున్నాడు. రేటు చెప్పాను. అవతలాయన కాసేపు గొంతు సవరించుకుని ఏదో అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి నాన్నకి చెప్పబోయాను.

"ఖావ్‌ల్యూ అన్నాడుగా" అంటూ ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. "మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీకి ఎత్తించేస్తా. నువ్వు భోంచెయ్యి."